వదిన దగ్గర దాచిన డబ్బు

ఈ మలుపు దాటాక అడుగుతాను అనుకుంది చిట్టి. మలుపు దాటింది. బస్సొకటి అడ్డం వచ్చింది, వదిన బ్రేకు తొక్కి ఆ డ్రైవర్నీ, వాడికి లైసెన్సు ఇచ్చినవాణ్ణీ, ఇచ్చినవాడికి పిల్లనిచ్చిన మామగారినీ కూడా కలిపి ఒకే మాటలో కడిగేసింది. అలాంటప్పుడు ఏం అడుగుతాం, మనిషి చిరాకులో ఉంది, కాస్త చల్లబడనీ, ఆ పెద్ద కూడలిలో ఎర్రలైటు ఎలాగూ పడుతుంది, బండి ఆగుతుంది, అప్పుడు నెమ్మదిగా అడగొచ్చు అనుకుంది. ఎర్రలైటు పడలేదు. ఎప్పుడు వెళ్ళినా పావుగంట నిలబెట్టే కూడలి ఈవేళ పచ్చగా వెలిగి దారి ఇచ్చింది, వదిన దానికి సంతోషపడిపోయి "చూశావా చిట్టీ, మన టైము బాగుంది" అంది. టైము బాగుందని నవ్వుతున్న మనిషిని అప్పుడు మాత్రం ఏం అడుగుతాం. వాన పడుతోంది. వైపర్లలో ఒకటి సరిగ్గా తుడుస్తోంది, చిట్టి వైపుది మాత్రం అద్దం మీద కీచుమంటూ నీళ్ళని ఇటునించి అటూ అటునించి ఇటూ పంపిస్తోంది తప్ప తుడవడం లేదు. వ్యాన్ వెనక లాండ్రీ మూటలు, హోటలు దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు, ఇంకా వేడి ఆరని ఇస్త్రీ వాసన. ఊరికి ఆ చివర ఉన్న హోటలుకి చేరేసరికి ఈ వానలో గంట పడుతుంది, ఆ గంటలో అడగాలి. ఎల్లుండి లాండ్రీ చెయ్యి మారిపోతుంది.

తల నెరిసినా ఆమె అందరికీ చిట్టే. అన్న పెట్టిన పేరు అది, అన్న పోయినా పేరు పోలేదు. వదిన అంటే ఆ అన్న భార్య, లాండ్రీ ఇప్పుడు ఆవిడదే. రేపటిదాకా ఆవిడదే, ఎల్లుండి నుంచి ఎవరో పెద్ద కంపెనీవాళ్ళది, వాళ్ళకి ఇలాంటి లాండ్రీలు ఊరికొకటి ఉన్నాయట, మనుషుల్ని తీసెయ్యం, ఇప్పుడిచ్చే జీతాలే ఇస్తాం అన్నారట. ఇప్పుడిచ్చే జీతాలే. ఆ మాట విన్నప్పుడు మడతబల్ల దగ్గర అందరూ హమ్మయ్య అనుకున్నారు, చిట్టి చేతిలోని తువ్వాలు మాత్రం మడత కుదరక మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టింది.

ఏమని అడగాలో పొద్దున గిన్నెలు కడుగుతూ సిద్ధం చేసుకుంది. "వదినా, నాకు రావలసింది కొంచెం ఉంది." కొంచెం ఎందుకు, కొంచెమేం కాదు కదా. కొంచెం తీసేస్తే మరీ మొరటుగా ఉంది. బకాయి అందామంటే ఆ మాటకి గుమ్మంలో కాలు అడ్డం పెట్టి నిలబడ్డవాడి మొహం ఉంది. నువ్వు ఇవ్వాల్సింది అంటే వేలెత్తి చూపినట్టు. నాకు రావలసింది అంటే ఎవరి తప్పూ లేదు, డబ్బు ఎక్కడో బయల్దేరింది, దారిలో ఆలస్యమైంది, వచ్చేస్తుంది, అంతే. అందుకే రావలసింది అన్న మాటే బాగుందని దాన్ని పొద్దుటి నుంచి నోట్లో నానబెట్టుకుని తిరుగుతోంది, అది ఇప్పుడు నానినాని రూపం పోయి అసలు తెలుగు మాటలాగే లేదు. పక్కన వదిన గేరు మార్చింది. ఆ చెయ్యి చూడు, వేళ్ళ కణుపులన్నీ సోడా నీళ్ళకి పగిలిపోయి. ఈ చేతిని అడగాలి. ఛీ, ఏం బతుకు, సొంత వదినని, అన్నని అన్నాళ్ళు మోసిన మనిషిని పట్టుకుని జీతం తక్కువిచ్చావు అని అడగడానికి నోరెలా వస్తుంది.

అన్న ఉంటే అసలు ఈ మాటే వచ్చేది కాదు. ఆయన పని పోయిన రోజుల్లో, ఆయనంటే చిట్టి భర్త, షాపుల మీద బోర్డులు రాసేవాడు, అక్షరాలు గుండ్రంగా ఎవరో దిద్దించినట్టు రాసేవాడు, తర్వాత అన్నీ మిషన్ల మీద అచ్చుకొట్టే బోర్డులు వచ్చేసి ఆయన కుంచెలు సీసాలో నిలబడి ఎండిపోయాయి, అప్పుడు అన్న వచ్చి గుమ్మంలోనే నిలబడి అన్నాడు, "మన లాండ్రీయే కదా చిట్టీ, ఊరికే ఇంట్లో ఎందుకు, వచ్చి అక్కడ కూర్చో." కూర్చో అన్నాడు. ఆ రోజు నుంచి కూర్చున్నదెప్పుడు, మడతబల్ల దగ్గర నిలబడి నిలబడి మోకాళ్ళు తలుపు బందుల్లా కిర్రుమంటున్నాయి. అయినా ఆ రోజు అన్న ఎంత అందంగా అడిగాడు. నీకు పని ఇస్తాను అనలేదు, నీ ఇల్లు గడవదు కదా అనలేదు. మన లాండ్రీయే కదా. మన. ఆ ఒక్క మాట కింద చిట్టి ఎన్నేళ్ళు తల దాచుకుందో. మనది అన్నాక జీతం ఎంత అని అడుగుతారా ఎవరైనా? అన్న నెలాఖరుకి జేబులోంచి తీసి చేతిలో పెట్టేవాడు, అందరికీ ఇచ్చేదే ఆమెకీ ఇచ్చేవాడు, ఒక్కోసారి కాస్త ఎక్కువే, ఆ ఎక్కువ గురించి ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

తర్వాత అన్న మంచం పట్టాడు. ఆ రోజులు గుర్తొస్తే ముందు ఆసుపత్రి వాసన గుర్తొస్తుంది, దాని వెంటే వదిన. పగలంతా ఆసుపత్రిలో ఉండి, సాయంత్రం వచ్చి మిషన్ల దగ్గర నిలబడి, వ్యాన్ డ్రైవరు మానేస్తే ఆ వయసులో బండి నేర్చుకుని, గేటుని రెండుసార్లు గుద్ది, మూడోసారి గేటే తీయించేసింది. ఏడవలేదు. అన్న పోయిన రోజు కూడా హోటలువాళ్ళకి ఫోను చేసి, దుప్పట్లు రేపు కాదు ఎల్లుండి ఇస్తాం, ఏమీ అనుకోకండి అని చెప్పి, ఫోను పెట్టేశాక ఏడ్చింది. ఆ మనిషిని అడగాలి. అప్పుడు చిట్టి ఆవిడ వీపు నిమురుతూ, ఈవిడ కోసం ఏమైనా చేస్తాను అనుకుంది, నిజంగానే అనుకుంది.

ఆ తర్వాతి సంవత్సరమే కదా పెంచింది. హోటలు కొత్త రేటు ఒప్పుకుందనీ, అందరికీ జీతం పెంచుతున్నాననీ వదిన మిషన్ల గదిలో నిలబడి చెప్పింది, అప్పుడు చిట్టి ముందుగదిలో ఎవరికో కోటు అప్పగిస్తోంది, చప్పట్లు వినిపించాయి, ఏమిటో అనుకుంది. నెలాఖరున కవరు విప్పితే పాత జీతమే. సరే, వచ్చే నెల నుంచేమో. వచ్చే నెలా అంతే. మరచిపోయిందేమో, ఎన్ని తలనొప్పులు పాపం, గుర్తుచేస్తే నొచ్చుకుంటుంది. ఆ పై నెల ఇస్త్రీ దగ్గరుండే పొడుగాయన భోజనం డబ్బా మూత తీస్తూ, అతని తల గుమ్మానికి తగిలీ తగిలీ నుదుటి మీద ఎప్పుడూ ఒక మచ్చ ఉంటుంది, తనకెంత పెరిగిందో చెప్పి, "మీకు ఇంకా ఎక్కువే ఇచ్చుంటారు లెండి, ఇంటి మనిషి కదా" అన్నాడు. చిట్టి నవ్వింది. "ఆ, ఏదో" అంది. ఆ 'ఏదో' తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నిన్నగాక మొన్న చేరి గుండీలు కుట్టే అమ్మాయికి కూడా తనకన్నా ఎక్కువని తర్వాత తెలిసింది. తప్పు చేసింది వదిన, సిగ్గుతో తల దించుకున్నది తను. అదేం చిత్రమో, వదిన ఎదురుపడితే తనే ఏదో ఎత్తుకొచ్చిన దానిలా పక్కకి తప్పుకునేది. నా విలువ ఇంతే అని ఎవరో చీటీ రాసి వీపుకి అంటించినట్టుండేది, అది ఊడబెరుక్కోవడం మాట అటుంచి, ఎవరి కంటా పడకూడదని గోడకి ఆనుకుని నడిచేది.

అందుకే ఆయనకి అబద్ధం చెప్పింది. ఆయన అడిగినప్పుడు కూర తరుగుతోంది. "అందరికీ పెంచారటగా? పొడుగాయన టీకొట్టు దగ్గర చెప్పాడు. నీకూ పెంచారా?" ఆ నిమిషంలో పుట్టింటి పరువంతా కత్తిపీట మీద పెట్టినట్టయింది. మా వదిన నాకే పెంచలేదు అని మొగుడితో ఎలా చెప్పడం. "పెంచారు. పెంచింది వదిన దగ్గరే దాస్తున్నా. ఇంట్లో ఉంటే ఖర్చైపోతుంది." ఎంత నున్నగా వచ్చేసిందో ఆ మాట, తరిగిన ముక్కంత తేలిగ్గా. ఆయన సంతోషపడ్డాడు. "మంచి పని చేశావు. మీ వదిన గట్టి మనిషి, ఆవిడ దగ్గర రూపాయి కదలదు" అన్నాడు. అవును, కదల్లేదు. అప్పటి నుంచి మధ్యమధ్యలో ఆయన పడక్కుర్చీలో వాలి పైకప్పు వంక చూస్తూ వేళ్ళు ముడుస్తుంటే, ఏమిటంటే, "మీ వదిన దగ్గర ఎంతయ్యుంటుందా అని" అనేవాడు. ఎన్నడూ తెమ్మనలేదు. ఒక చొక్కా కొనుక్కోవడానికి కూడా తెమ్మనలేదు. అది ఉందన్న ధైర్యమే ఆయన తిన్నాడు, తొడుక్కున్నాడు. పోయిన వారం మాత్రం ఇంటికొస్తూనే మొహం వెలిగిపోతూ చెప్పాడు, ఎవరో స్టిక్కర్లు కత్తిరించే మిషను అమ్ముతున్నారట, పాతదే గానీ బాగుందట, కార్ల మీదా షాపు అద్దాల మీదా అక్షరాలు అతికించే పని, "అక్షరాలే కదా చిట్టీ, కుంచె పోతే పోయింది, అక్షరం నాకు తెలుసు కదా." ఇన్నేళ్ళ తర్వాత ఆ గొంతులో ఆ ఊపు. "లాండ్రీ అమ్మేస్తున్నారు కదా, ఆలోపు మన డబ్బులు తెచ్చేసుకో." ఈ పొద్దున మంచి చొక్కా తీసి ఇస్త్రీ చేయించుకున్నాడు, సాయంత్రం మిషను చూడ్డానికి వెళ్తాడట. లేని డబ్బుతో.

లేదా? వ్యాన్ ఒక గుంటలో పడి లేచింది, వెనక మూటలన్నీ ఒక్కసారి నిట్టూర్చాయి. లేకపోవడమేమిటి. ఇన్నాళ్ళూ ఆయనకి అబద్ధం చెప్పాననే కుమిలిపోయింది గానీ, ఆ డబ్బు నిజంగానే వదిన దగ్గరే ఉంది కదా. నెలనెలా తన జీతంలోంచి ఆగిపోయింది ఆగిపోయినట్టే వదిన దగ్గరే ఉంది. తను చెప్పినది అక్షరాలా నిజం. దాచింది తను కాదు, అంతే తేడా. నవ్వొచ్చింది. నవ్వు గొంతు దాకా వచ్చి దగ్గైంది.

"జలుబు చేసిందా?" అంది వదిన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "వానలో తడుస్తూ వచ్చావు మరి. ఒక్క ఫోను కొడితే నేను వచ్చి ఎక్కించుకునేదాన్ని కాదూ."

ఇదిగో, ఇలాంటి మాటలే. కడుపు నింపుకోవడానికి కాకపోయినా కన్ను చెమర్చడానికి సరిపోయే మాటలు. ఈ మాటలన్నా లేకుండా చెడ్డదై ఉంటే ఎంత సుఖంగా ఉండేది.

రైల్వే గేటు వేసి ఉంది. ముందు లారీ, దాని ముందు కార్లు, పక్కన సైకిళ్ళవాళ్ళు తల మీద ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని. వదిన ఇంజను ఆపేసింది. ఒక్కసారిగా వాన చప్పుడు పెద్దదైంది. ఇప్పుడు అడగాలి. ఇంతకన్నా అనువు దొరకదు. నాకు రావలసింది అని నోటి దాకా తెచ్చుకుంది, వదిన వంగి కింద చూసింది.

"అయ్యో, నీ చెప్పులు చూడు, ఎలా నీళ్ళు తాగుతున్నాయో. అడుగు ఊడిపోయింది కదే! ఇలాంటివి వేసుకుని ఎలా తిరుగుతున్నావు?" అని నొచ్చుకుంది. "ఈ అమ్మకం గొడవ అయిపోనీ, ఇద్దరం వెళ్దాం. మంచి తోలు చెప్పులు కొందాం నీకు. నేను కొంటాలే, నువ్వు పర్సు తియ్యక్కర్లేదు."

నేను కొంటాలే. చిట్టి తన కాళ్ళు సీటు కిందకి లాక్కుంది. బొటనవేలి దగ్గర తడి చల్లగా తగిలింది. ఆ దుకాణం కళ్ళ ముందు కనిపించింది, తను స్టూలు మీద కూర్చుని ఉంటుంది, వదిన ఇవి చూపించు అవి చూపించు అని కుర్రవాణ్ణి పరుగులు పెట్టిస్తుంది, డబ్బు కడుతుంది, బయటికొచ్చాక తను అనాలి, ఎందుకు వదినా ఇంత ఖరీదువి అని, అనాలి, మొహం నిండా కృతజ్ఞత పూసుకుని అనాలి. తన డబ్బులోంచే ఒక ముక్క తనకి బహుమానంగా వస్తుంది, దానికి తను రుణపడాలి. ఇంటికెళ్తే ఆయన చూసి, చూశావా మీ వదిన అంటాడు.

"వద్దు వదినా."

"ఏం వద్దు?"

"చెప్పులొద్దు. నా డబ్బులు నాకు ఇచ్చెయ్."

రావలసింది లేదు, కొంచెం లేదు, నానబెట్టిన మాట ఒక్కటీ రాలేదు. చిన్నపిల్ల బొమ్మ లాక్కున్నవాళ్ళని అడిగినట్టు వచ్చింది. చిట్టికి తన గొంతు విని తనకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏ డబ్బులు?" అంది వదిన. నిజంగా అర్థం కాలేదు ఆవిడకి. తర్వాత అర్థమైంది. అర్థం కావడం కనిపించింది, మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది.

"అందరికీ పెంచావు కదా. నాకు పెంచలేదు."

వదిన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందున్న లారీ వెనక రాసిన అక్షరాలు చదువుతున్నట్టు చూసింది. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"అప్పటి నుంచే."

"మొదటి నెల నుంచే?"

"ఆ."

"మొదటి నెల నుంచీ తెలుసు." వదిన గొంతు పెరగలేదు, అదే చిట్టిని భయపెట్టింది. "తెలిసే నా పక్కన కూర్చుని తిన్నావు. నాకు జ్వరమొస్తే నా కాళ్ళు పిసికావు. మీ అన్న ఫోటో దగ్గర కూర్చుని నాతో కలిసి ఏడ్చావు. లోపల మాత్రం ఇది దొంగది, ఇది దొంగది అనుకుంటూ. ఇన్నేళ్ళు. ఒక్కసారి నోరు తెరిచి అడిగితే ఏం పోయేదే నీకు?"

అనుకోలేదు అని చెప్పబోయింది చిట్టి. నోరు తెరిచింది కూడా. కానీ అనుకుంది కదా. కాళ్ళు పిసుకుతూ అనుకుంది, ఈ కాళ్ళు నా డబ్బు మీద నడుస్తున్నాయి అని. ప్రతి నెలాఖరునా కవరు అందుకుంటూ 'ఉంటాను వదినా' అని నవ్వి, మెట్లు దిగుతూ అనుకుంది. అంతేనా, ఇంకా ఉంది. కవరు పలచగా ఉన్నకొద్దీ లోపల తను పెద్దదైంది. నేను ఓర్చుకుంటున్నాను, నేను మంచిదాన్ని, ఆవిడ ఎలాంటిదో నాకు తెలుసు, నేను ఎలాంటిదాన్నో ఆవిడకి తెలీదు. ఎవరికీ చూపించకుండా ఒక్కర్తీ తినే తీపిలాంటిది అది. జీతం కోత పడిన లోటంతా దాంతోనే పూడ్చుకుంది. మొహమాటం అనుకుంది, మర్యాద అనుకుంది, పుట్టింటి పరువు అనుకుంది, అన్నిటి కింద ఇది ఉంది. వదిన దొంగ అయితే తను రోజూ ఆ దొంగతనాన్ని చూస్తూ లోపల్లోపల చప్పరిస్తూ కూర్చున్నది. సిగ్గుతో చిట్టి మొహం మంటలెత్తింది, కిటికీ అద్దానికి నుదురు ఆన్చింది, అద్దం చల్లగా ఉంది. ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. తప్పైపోయింది వదినా, నోరు జారాను, వదిలెయ్ అంటే సరిపోతుంది. వదిన కూడా ఏడుస్తుంది, ఇద్దరూ ఏడుస్తారు, గేటు తెరుస్తారు, తోలు చెప్పులు వస్తాయి. ఇంట్లో మంచి చొక్కా తొడుక్కుని ఆయన బయల్దేరుతుంటాడు.

"అనుకున్నాను వదినా. దొంగవనే అనుకున్నాను," అంది అద్దం మీంచి తల తీయకుండానే. "అయినా ఇచ్చెయ్."

వదిన ఉలిక్కిపడి తిరిగి చూసింది.

"ఆసుపత్రికి ఎంత అప్పు కట్టానో నీకు తెలుసా? ఏడాది పాటు నేను నా కోసం ఒక్క రూపాయి తీసుకోలేదు ఆ లాండ్రీలోంచి."

"తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా?"

"ఆ."

పట్టాల మీద రైలు రాలేదు ఇంకా. సైకిలువాళ్ళలో ఒకతను గేటు కింద నుంచి దూరిపోయాడు. వదిన తలుపు అద్దం కొంచెం దించింది, వాన తుంపర లోపలికొచ్చింది, మళ్ళీ ఎత్తింది. "పొడుగాయన ముందే అడిగాడు, ఇచ్చాను," అంది తనలో తను చెప్పుకుంటున్నట్టు. "మిషన్ల దగ్గరవాళ్ళు మానేస్తామన్నారు, ఇచ్చాను. నీ దగ్గరికొచ్చేసరికి, చిట్టి కదా, చిట్టి అడగదు, ఈ నెలకి కానీ అనుకున్నా. ఆ పై నెల కూడా కానీ అనుకున్నా. తర్వాత అనుకోవడం కూడా మానేశా. నువ్వు అడగవని తెలుసు కాబట్టి ఇవ్వలేదు. అంతే. ఇంకో కారణం వెతుక్కుంటే ఉంటుందేమో గానీ, ఇదీ అసలుది."

ఇంతకన్నా ఆవిడ అరిచి ఉంటే బాగుండేది.

"నెలనెలా ఇస్తాను కొంత కొంత."

"ఎల్లుండి తర్వాత లాండ్రీ నీది కాదు వదినా. నెలనెలా నేను నీ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడాలా? సంతకం పెట్టిన రోజే ఇచ్చెయ్. కంపెనీవాళ్ళకి నా జీతం కూడా అందరితో పాటే చెప్పు." ఇదెవరు మాట్లాడుతున్నారు, ఎక్కడిదీ గొంతు, చేతులు మాత్రం ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నొక్కి పట్టుకుంది.

వదిన తాళంచెవి పట్టుకుని, తిప్పకుండానే "సరే" అంది.

అప్పుడే ఫోను మోగింది. ఆయన. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది. ఆయన ఫోనులో ఎప్పుడూ అవతలి గట్టు మీదున్నవాళ్ళతో మాట్లాడినట్టు అరుస్తాడు. "చిట్టీ! అతను సాయంత్రం దాకా ఆగలేదు, ఇప్పుడే రమ్మన్నాడు, వచ్చా. మిషను చూశా. భలే ఉంది. మీ వదినని అడిగావా?"

"ఆ. ఎల్లుండి ఇస్తానంది."

"అదీ! నేను చెప్పలా? మీ వదినకి నా మాటగా చెప్పు, ఇన్నేళ్ళూ అంత జాగ్రత్తగా దాచి పెట్టింది, ఈ రోజుల్లో సొంతవాళ్ళయినా ఎవరు చేస్తారు అలా. ఆవిడ రుణం ఉంచుకోను అని చెప్పు. మొదటి బోర్డు ఆవిడ ఇంటికే, పేరు రాసి ఇస్తా, ఊరికే." ఫోను పెట్టేశాడు.

వ్యాన్‌లో ప్రతి మాటా వినిపించింది. చిట్టి ఫోను సంచిలో పెట్టుకుంటూ ఎంతసేపు వెతికిందో ఆ సంచిలో చోటు కోసం.

"దాచానా?" అంది వదిన. "నేను?"

"ఆయనకి అలా చెప్పాను."

"ఇన్నాళ్ళూ?"

"ఆ."

వదిన చేతి వెనకభాగంతో ముక్కు తుడుచుకుంది. రైలు వచ్చింది, పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, అంత చప్పుడులో ఏం మాట్లాడినా వినపడదని ఇద్దరికీ తెలుసు, అదే నయమనిపించింది. ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గేటు లేచాక వెనక కార్లు హారన్లు మోగించేదాకా వదిన ఇంజను స్టార్టు చెయ్యడం మరచిపోయింది.

హోటలు వెనక గుమ్మం దగ్గర వాన కాస్త తెరిపిచ్చింది. సామాను గదికి కొత్తతను వచ్చాడు, కుర్రవాడేం కాదు, నడివయసు మనిషి, మెడలో కళ్ళజోడు తాడు. వదిన మూటలు దించుతుంటే చిట్టి అందుకుంటోంది, అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో పలకరించాలి కదా అని, "ఈవిడ మీకేమవుతారండీ?" అన్నాడు. ఎవరడిగినా వదిన చెప్పే జవాబు ఒకటే, మా ఆడపడుచు అని, భుజం మీద ఒక చెయ్యి కూడా వేసి. వదిన మూట అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. చిట్టి వైపు చూడలేదు.

"మా దగ్గర పనిచేస్తారు," అంది.

చెంప మీద కొట్టినట్టయింది. ఆ దెబ్బ చురుక్కుమంటుండగానే చిట్టికి ఇంకేదో కూడా వినిపించింది, చేస్తారు అంది, చేస్తుంది అనలేదు, పొడుగాయన గురించి ఎలా చెబుతుందో అలా చెప్పింది. కోపంతో అన్నదో, మర్యాదకి అన్నదో, వదినకి మాత్రం తెలుసా. మూట రెండు చేతులా ఎత్తుకుని లోపలికి మోసింది చిట్టి, బరువుగా ఉంది, ఎప్పుడూ ఉన్నంతే ఉంది. మళ్ళీ వచ్చి ఇంకోటి. గలీబుల మూట ముడి ఊడిపోతే అక్కడే నేల మీద మోకాలు వేసి గట్టిగా కట్టింది. కళ్ళజోడు మనిషి సరుకు చూసుకుని తల ఊపాడు. ఖాళీ సంచులు దులిపి మడిచి వ్యాన్‌లో పడేశారు ఇద్దరూ, చెరో కొసా పట్టుకుని, ఎన్నేళ్ళుగానో చేసినట్టే, కొసలు కలిపేటప్పుడు వేళ్ళు తగిలాయి.

వదిన వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. చిట్టి బయట నిలబడిపోయింది. పనివాళ్ళు ఎప్పుడైనా మూటలతో వస్తే తిరుగుదారిలో వెనక ఖాళీ సంచుల మీద కూర్చుంటారు, పొడుగాయన అయినా అంతే, మెడ వంచుకుని కూర్చుంటాడు. ముందు సీటు ఇంటివాళ్ళది. వెనక తలుపు ఇంకా తెరిచే ఉంది, లోపల చీకటిగా, ఇస్త్రీ వాసనతో, ఎవరి మొహం ఎవరూ చూడనక్కర్లేకుండా, దారి పొడుగునా తల దించుకుని కూర్చోవచ్చు. ఎంత హాయి. తడిసిన కాళ్ళు అటే లాగుతున్నాయి. ఆ తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసి, చిట్టి ముందుకి నడిచి వచ్చి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. మొహం ఇంకా మండుతూనే ఉంది. వదిన అద్దం సరిచేసుకుని, బండి కదిలించింది.